మంచిగున్న చేతులు

"ఇంట్ల పనే నీకు ఎక్సర్‌సైజు. మళ్లా ఇంకోటెందుకు?" అన్నాడు మా ఆయన, నేను ఎడమ చేత్తో ఉల్లిగడ్డ కోస్తుంటే.

ఎడమ చేత్తో ఉల్లిగడ్డ కోయడం ఎట్లా ఉంటుందో చెప్తాను. గడ్డ నిలవదు. దాన్ని పట్టుకోవాల్సిన కుడిచెయ్యి, ఎవరో పెట్టి మరచిపోయిన సంచి మాదిరి, నా పొట్టకు ఆనుకుని ముడుచుకుని ఉంటుంది. కత్తి ఆనించగానే గడ్డ జారి పొయ్యి వెనక్కి పోతుంది. వెతికి తెచ్చి, చపాతీ పీటకూ గోడకూ మధ్య ఇరికించి, మోచేత్తో పీటను నొక్కి పట్టుకుని కోయాలి. ఒక్క గడ్డకు పావుగంట. ఆ పావుగంటసేపూ ఆయన తలుపుకు ఆనుకుని ఫోను చూస్తూ టిఫిను కోసం నిలబడతాడు. గడ్డ కింద పడి దొర్లితే కాలితో ఆపుతాడు. ఆ మాత్రం సాయం చేస్తాడు, అబద్ధమెందుకు.

కోపంతో అన్న మాట కూడా కాదది. నమ్మే అన్నాడు. మహిపాల్ మంచోడని మా వాడకట్టంతా చెప్తుంది. తాగడు, కొట్టడు. హసన్‌పర్తి రోడ్డు మీద ఎరువుల దుకాణం నడుపుతాడు. మధ్యాహ్నం ఆయన తిని పడుకునే మూడు గంటలూ పదహారేళ్లుగా ఆ దుకాణంలో కూర్చున్నది నేను. ఏ తెగులుకు ఏ మందో, ఏ రైతుది ఏ ఊరో ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు. ఎవరైనా "మీ పద్మలత ఏం చేస్తది" అని అడిగితే మాత్రం "ఏం జెయ్యదు, ఇంట్లనే ఉంటది" అనేవాడు.

నేనడిగింది పెద్ద కోరిక కాదు. రోజుకు పావుగంట నా కుడిచెయ్యి పట్టుకొమ్మన్నాను. భుజం జారకుండా కింద ఒక చెయ్యి పెట్టి, ఇంకో చేత్తో మోచేయి ఎత్తి, తర్వాత గుప్పిట విప్పి వేళ్లను ఒక్కొక్కటిగా సాగదీయాలి. దీనికి రెండో మనిషి కావాలి. సొంతంగా చేసుకోవచ్చు గానీ భుజం జారితే ఉన్నది కూడా పోతుంది. దవాఖాన నుంచి పంపేరోజు డాక్టరు చెప్పాడు, మొదటి ఆరు నెలలు మెదడు తొందరగా నేర్చుకుంటుందట. తర్వాత కూడా నేర్చుకుంటుంది గానీ చాలా మెల్లగా. అప్పటికి గుప్పిట బిగిసిపోతే విప్పడం కష్టమట. నాకు పక్షవాతం వచ్చి ఆ రోజుకు ఐదు నెలలు. మిగిలింది ఒక్క నెల. ఆ నెలలో నాకు ఐదు వేళ్లు కావాలి. అన్నం కలుపుకోవడానికి, జడేసుకోవడానికి, జాకెటు హుక్కులు పెట్టమని మా అత్తమ్మను పొద్దున్నే బతిమాలకుండా ఉండడానికి.

పక్షవాతం మా ఇంటికి కొత్త చుట్టం కాదు. మూడేళ్ల కింద మా మామ కట్టయ్యకు వచ్చింది. చాయ్ తాగుతుంటే మూతి ఒక పక్కకు పోయి చాయంతా బనీను మీద కారింది. మా అత్తమ్మ సమ్మమ్మ వెంటనే కేసముద్రం అవతల పసరు వైద్యుడి దగ్గరికి పోదామంది. పావురాన్ని కోసి ఆ వేడి రక్తం పడిపోయిన కాలూ చెయ్యీ మీద పోసి ఆకు కడతాడాయన. మా అత్తమ్మ తండ్రి నుంచి అందరూ అక్కడికే పోయారు. కొందరు లేచారు, కొందరు లేవలేదు. లేవనివాళ్లకు పత్యం తప్పిందన్నారు. నేను అడ్డం పడ్డాను. దుకాణానికి వచ్చే ఒక మాస్టరు చెప్పిన మాట గుర్తుంది: నాలుగు గంటలలోపు దవాఖానకు పోతే సూది ఉంది, గడ్డకట్టిన నెత్తురు కరుగుతుంది, దాటితే లేదు. పక్కింటివాళ్ల కారు అడిగింది నేను, మామ చంకల కింద చేతులు వేసి ఎక్కించింది నేను, "రక్తం లేదు గిక్తం లేదు, నడువుండ్రి" అని ఆ ఇంట్లో మొదటిసారి గొంతు పెంచింది నేను. గంటన్నరలో దవాఖానలో ఉన్నాం. సూది పడ్డది.

ఆ తర్వాత ఏడాదంతా మామ చెయ్యి నా చేతిలో ఉంది. ఫిజియోథెరపీ ఆయన మూడు నెలలు ఇంటికి వచ్చాడు. ఎట్లా పట్టుకోవాలో, ఎంత ఎత్తితే నొప్పి, ఎంత ఎత్తకపోతే నష్టం, అన్నీ చూసి నేర్చుకున్నాను. రోజుకు మూడు పూటలు. మధ్యలో మంచం మీదే పనులన్నీ, వాటి గురించి రాయను, చేసినవాళ్లకు తెలుసు. ఏడాదికి మామ కర్ర పట్టుకుని కిరాణ కొట్టుదాకా నడిచి బీడీ కట్ట తెచ్చుకున్నాడు. చుట్టాలు చూసి మురిసిపోయారు. "పాత పాణం, జొన్న గటుక తిన్న పాణం, గందుకే లేసింది" అన్నారు. జొన్న గటుకకు వచ్చిన పేరు నాకు రాలేదు.

నాకు జనవరిలో వచ్చింది. నల్లా దగ్గర బిందె జారింది. వంగి తీద్దామంటే కుడికాలు లేదు. "అత్తమ్మా" అందామంటే నోట్లో నాలుక లేదు. లోపల మాత్రం అంతా తెలుస్తూనే ఉంది. ఇది అదే, టైము చూడండి, టైము చూడండి అని లోపల అరుస్తున్నాను. బయటికి గురక లాంటి చప్పుడు వచ్చింది. మామకు వచ్చినప్పుడు తెలిసిన మనిషి నిలబడి ఉంది. నాకు వచ్చినప్పుడు తెలిసిన మనిషే పడిపోయింది.

ఆటో వచ్చింది. కేసముద్రం దిక్కు పోవాలంటే పెద్ద దవాఖాన గేటు ముందు నుంచే దారి. ఆ గేటు నాకు కనబడుతోంది. ఎడమ చేత్తో ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. "అయిపాయె, పోతానం గదా, జర ఓర్సుకో" అన్నాడు ప్రేమగానే. గేటు వెనక్కి పోయింది. గంటన్నర తర్వాత ఒక కొట్టంలో నా మీద వెచ్చటి రక్తం పోశారు. ఆ పావురం కాళ్లు చాలాసేపు కొట్టుకున్నాయి. సాయంత్రం హైదరాబాదు నుంచి మా పూజ ఫోను చేసి ఏడ్చి అరిస్తే అప్పుడు దవాఖానకు తెచ్చారు. పూజ మా ఒక్కతే బిడ్డ, అక్కడ ఉద్యోగం చేస్తుంది. ఎన్ని గంటలైందని డాక్టరు అడిగాడు. పది. ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

నెలన్నరకు మాట వచ్చింది. వచ్చిన కొత్తలో ఒకరోజు అడిగాను, దవాఖాన ముంగటి నుంచి పోతూ ఎందుకు ఆపలేదని. మా ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వన్న చెప్పకపోతివి" అన్నాడు.

నోరు పడిపోయినదాన్ని.

ఫిజియోథెరపీ ఆయన నాకోసం కూడా వచ్చాడు, మామకు చేసినాయనే. పదిరోజులు. పదకొండో రోజు అత్తమ్మ గుమ్మంలోనే చాయ్ ఇచ్చి పంపేసింది. "పరాయి మొగోడు కాల్లు చేతులు పట్టి గుంజుతాంటే ఇంటి ముంగటోళ్లు సూడరా? మామకంటే వేరే. నీకన్నీ వచ్చుగదా, నువ్వే జేసుకో" అంది. మా ఆయన ఆ మాటకు అవునూ అనలేదు, కాదూ అనలేదు. కాదనకపోవడంలో ఆయనకు చాలా అనుభవం ఉంది. మరి నువ్వు పట్టు అంటే దుకాణం అంటాడు. రాత్రి పట్టు అంటే నడుము నొప్పి అంటాడు. ఒకసారి పట్టుకున్నాడు కూడా. రెండు నిమిషాలు పట్టుకుని, నా బిగిసిన వేళ్లను చూసి మొహం అటు తిప్పుకుని, "నాతోని కాదు పద్మా, నాకు అదోరకంగ ఉంటది" అన్నాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఆయనకు అదోరకంగా అనిపించింది అదే మొదలు.

ఇక ఉల్లిగడ్డ దగ్గర ఆ మాట విన్నాక ఆయన్ను మళ్లీ అడగలేదు. ఆశా కార్యకర్త చెప్పిన సంఘానికి పోయాను. మా కాలనీ కమిటీ హాల్లో ప్రతి బేస్తవారం పది గంటలకు పక్షవాతం వచ్చినవాళ్లు కలుస్తారు. రాజేశ్వరి అనే ఫిజియోథెరపీ మేడం జీతం లేకుండా వచ్చి నేర్పిస్తుంది.

పదహారు మందిమి ఉన్నాం. తొమ్మిది మంది మగవాళ్లు, ఏడుగురం ఆడవాళ్లం. "వెంట వచ్చినవాళ్లు ముందుకు రండి, చూసి నేర్చుకుంటే ఇంట్లో మీరే చేయించవచ్చు" అంది రాజేశ్వరి. తొమ్మిది మంది లేచి ముందుకు వచ్చారు. తొమ్మిదిమందీ భార్యలే, చేతుల్లో నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, మందుల సంచులు. మా ఏడుగురి వెనక ఎవరూ లేవలేదు. ఒకామెను ఆటో అతను దింపి పోయాడు, ఒకామె మనవరాలు బడికి పోతూ వదిలిపోయింది.

సంఘానికి పెద్ద కిషన్ రావు గారు, రిటైరైన బ్యాంకు మేనేజరు. ఆయనకు కాలూ చెయ్యీ రెండూ వచ్చేశాయి. కొత్తవాళ్లు వస్తే ఆయన మాట్లాడాలి. మాట్లాడాడు. అంతా విల్ పవర్‌లో ఉందన్నాడు. తానొక్కటే అనుకున్నాడట, లేవాలి అని. లేచాడట. ఆయన అట్లా చెప్తుంటే ఆయన భార్య విజయలక్ష్మి కింద కూర్చుని ఆయన బూటు లేసు కడుతోంది. కట్టి, లేచి, నడుము పట్టుకుని ఒక నిమిషం నిలబడి, మళ్లీ వెనక్కి పోయి కూర్చుంది. చప్పట్లు కొట్టాం. నేను ఎడమ చేత్తో తొడ మీద కొట్టాను.

"మీ ఏడుగురు జతలు కట్టుండ్రి. ఒకరికొకరు పట్టుండ్రి" అంది రాజేశ్వరి. "కుడి పోయినోళ్లకు ఎడమ పోయినోళ్లు." ఆరుగురికి జతలు కుదిరాయి, ఏడో ఆమెను రాజేశ్వరి తానే పట్టింది. నాకు వచ్చిన జత మొగిలమ్మ.

మొగిలమ్మను నేను పన్నెండేళ్లుగా ఎరుగుదును. అంటే, ఆమె చీపురు చప్పుడు ఎరుగుదును. మా గల్లీ ఊడ్చే మున్సిపాలిటీ మనిషి. ఎస్సీ కాలనీలో ఇల్లు. చెత్త డబ్బా ఆమె చేతికి ఇచ్చేదాన్ని కాదు, కింద పెట్టేదాన్ని. ఆమె తీసుకుని, వంచి, మళ్లీ కింద పెట్టేది. చెయ్యికీ చెయ్యికీ మధ్య ఎప్పుడూ నేల ఉండేది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, అత్తమ్మ చేసినట్టు చేశాను. డిగ్రీ రెండో సంవత్సరం దాకా తొర్రూరులో చదువుకున్నాను, సమానత్వం మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు కూడా రాశాను.

ఎదురెదురుగా కూర్చున్నాం. నా పడిపోయిన కుడిచెయ్యి ముందు ఆమె పడిపోయిన ఎడమచెయ్యి. ఆమె తన కుడిచెయ్యి చాపింది. నేను నా చెయ్యి ఇవ్వడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"కడుక్కునే అచ్చిన తియ్యి" అంది మొగిలమ్మ. "సబ్బు పెట్టి రెండుసార్లు గూడ కడిగిన. నీకు భయమైతే కండ్లు మూసుకో, సూది గుచ్చేటప్పుడు పిల్లలు మూసుకున్నట్టు."

పక్కన ఉన్నామె నవ్వింది. నాకు చెవులు కాలాయి. చెయ్యి ఇచ్చాను. చీపురు పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి. గట్టిగా ఉంది గానీ పట్టుకున్నది మాత్రం ముల్లు తీసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఫిజియోథెరపీ ఆయన్ను పంపేసిన తర్వాత నా చెయ్యిని ఎవరూ అంతసేపు పట్టుకోలేదు. బొటనవేలు విప్పుతుంటే ప్రాణం పోయినంత నొప్పి. ఏడ్చాను. నొప్పికే ఏడ్చానని ఆమె అనుకుని ఉంటుంది.

తర్వాత నేను ఆమె వేళ్లు విప్పాను. అవి నావాటికంటే బిగిసిపోయి ఉన్నాయి. ఏడాది దాటిందట. వచ్చిన ఇరవయ్యో రోజు నుంచే పనికి పోయింది. రాకపోతే పేరు కొట్టేస్తానన్నాడట మేస్త్రి. చీపురు కర్రను చంకలో ఇరికించి ఒంటి చేత్తో ఊడ్చింది. దవాఖానలో ఎక్సర్‌సైజులు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఆమె డ్యూటీ ఐదు నుంచి పదకొండు దాకా. బేస్తవారం మాత్రం వారపు సెలవు, అందుకే సంఘానికి రాగలుగుతోంది. ఆమె దవాఖాన కాగితం చూపించింది, ఏం రాశారో చదవమంది. చదివాను. రోగి సహకరించడం లేదు అని ఉంది. పైకి ఇంకేదో చెప్పాను.

మూడో బేస్తవారం సర్వేకు ఇద్దరమ్మాయిలు వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. ఎంతమంది లేచి నడుస్తున్నారు, ఎంతమందికి చేతులు వచ్చాయి అని రాసుకున్నారు. వెళ్లేముందు వాళ్లలో ఒకామె చెప్పింది, జిల్లా అంతా చూస్తే మగవాళ్లు తొందరగా కోలుకుంటున్నారని, ఆడవాళ్లు వెనకబడుతున్నారని, ఎస్సీ కాలనీల ఆడవాళ్లు మరీ వెనకబడుతున్నారని. కారణం అవగాహన లేకపోవడం అంది.

మొగిలమ్మ శ్రద్ధగా విని అడిగింది. "అవగాహనంటే ఏంది బిడ్డా? దవాఖానకు ఆటో కిరాయా? పదకొండింటిదాంక సెలవా? ఏందో జెప్తే నేను గూడ తెచ్చుకుంట."

ఆ అమ్మాయి టాబ్ వైపు చూసింది. అందులో దానికి గడి లేదు.

వారానికి ఒకరోజు చాలదు, రోజూ చేస్తేనే ఫలితం అని రాజేశ్వరి చెప్తూనే ఉంది. నాకప్పటికి పదిరోజులే మిగిలి ఉన్నాయి. మొగిలమ్మే అంది, డ్యూటీ దిగి మీ గల్లీ మీద నుంచే పోతాను గదా, పావుగంట ఆగిపోతానని. నేను సరేనన్నాను. మా ఇల్లు తెలిసి కూడా సరేనన్నాను.

మొదటిరోజు ఆమె గేటు తీసి లోపలికి అడుగు పెట్టగానే అత్తమ్మ వరండాలోంచి లేచింది. అరవలేదు. మా అత్తమ్మ అరిచే మనిషి కాదు. "ఆడనే, ఆడనే. ఆ నల్లా కాడ కూసోండ్రి, గాలి మంచిగొస్తది" అంది. నల్లా దగ్గర బట్టలుతికే బండ ఉంది. దాని మీద ఆమె, ప్లాస్టిక్ కుర్చీలో నేను. జూలై ఎండ నేరుగా మా నెత్తి మీదే. వరండాలో ఫ్యాను ఉంది, దాని కింద మామ మంచం ఉంది, పక్కన ఇద్దరు కూర్చునే జాగా ఉంది. మంచినీళ్లు అడిగితే అత్తమ్మ పెరట్లో నుంచి ఒక ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి బండ మీద పెట్టింది. ఆ గ్లాసు మా ఇంట్లో ఉన్నట్టు నాకే తెలియదు.

సాయంత్రం ఆయనతో అన్నాను. "నాకేం లేదు పద్మా. నేనసొంటియి పట్టించుకోను. అమ్మ మనసు కష్టపెట్టుడెందుకు? ఎక్సర్‌సైజ్ ఏడ జేస్తే ఏంది" అన్నాడు. పరాయి మగవాడు నన్ను ముట్టుకోవద్దు. మొగిలమ్మ ముట్టుకోవద్దు. ముట్టుకోవాల్సిన మనిషి ముట్టుకోడు. అందరి మర్యాదా నిలబడి, నా చెయ్యి ఒక్కటే బిగిసిపోతోంది.

నాలుగోరోజు మొగిలమ్మ ఎండకు కళ్లు తిరిగి, బండ మీది నుంచి లేచి నా కుర్చీ వెనక్కి ఆనుకుని నిలబడింది. ఒక్క నిమిషం. ఆమె గేటు దాటగానే అత్తమ్మ బకెట్ తెచ్చింది. నేనింకా ఆ కుర్చీలోనే ఉన్నాను. "జర లే పద్మా" అని నన్ను పక్కకు జరిపి కుర్చీ కడిగింది, బండ కడిగింది, గేటు గొళ్లెం మీద కూడా నాలుగు చుక్కలు చల్లింది. మొగిలమ్మ ఇంకా మా గోడ దాటలేదు. తిరిగి చూసింది.

"కడుగు కడుగు సమ్మమ్మా" అంది నవ్వుతూ. "మీ వాకిలి పన్నెండేండ్ల నుంచి నేనే ఊడ్తాన. అదంత గూడ కడగాల్నంటే మిషన్ భగీరథ నీళ్లు సాలయి."

నవ్విందే గానీ మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. చీపురు చప్పుడు మాత్రం పొద్దున వినబడింది, మా గేటు ముందు ఆగకుండా పోయింది. ఆమె మీద నాకు కోపం వచ్చింది, ఆ సంగతి దాచను. నా చెయ్యి సగంలో ఉంది, నీ పౌరుషమేంది ఇప్పుడు అనుకున్నాను. ఆ రెండు రోజులూ నేను సమ్మమ్మ కోడలినే. మూడోరోజు బేస్తవారం సంఘంలో ఆమె నా ముందు కూర్చుని ఏమీ జరగనట్టు చెయ్యి చాపింది. నేనే ఆగలేక అడిగాను, ఎందుకు రాలేదని.

"నువ్వు గా కుర్చీల నుంచి లేసినవ్ గదా" అంది. "మీ అత్త కడిగిందని గాదు. ఆమె కడుగుతదని నాకెరికే. నువ్వు లేసినవ్."

మా అత్తమ్మ ఎన్నోసార్లు ఎన్నో మాటలంది. ఏదీ అంత లోతుకు పోలేదు.

మర్నాడు పదకొండున్నరకు చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని అత్తమ్మ అడిగింది. ఎస్సీ కాలనీకి అన్నాను. గల్లీ చివర మలుపు తిరిగి, కాలువ మీది చిన్న వంతెన దాటితే మొగిలమ్మ ఇల్లు. బాగున్నవాళ్లకు ఏడు నిమిషాలు. కర్రతో, కుడికాలు ఈడ్చుకుంటూ నాకు అరగంట పట్టింది. మా గల్లీ ఆడవాళ్లు గేట్ల దగ్గర నిలబడి చూశారు. మొగిలమ్మ తలుపులో నన్ను చూసి మంచం మీది బట్టలు పక్కకు జరిపింది. ఫ్యాను వేసింది. స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది.

"అక్కా" అన్నాను, గ్లాసు అందుకుంటూ.

"తాగు తాగు. గీ గ్లాసు మేం రోజు తాగేదే" అంది.

తెల్లారి ఇంకో ఇద్దరు వచ్చారు, సంఘంలోని ఆడవాళ్లే. వారానికల్లా ఏడుగురిలో ఐదుగురం మొగిలమ్మ ఇంట్లో. రాజేశ్వరి కూడా ఒకరోజు వచ్చి చూసి, భుజాలు ఎట్లా పట్టాలో సరిచేసి, అక్కడే అన్నం తిని పోయింది. ఇంట్లో వంట ఆలస్యమైంది. రోజూ ఆలస్యమైంది. అత్తమ్మ వండడం మొదలుపెట్టింది, గిన్నెలు కొంచెం గట్టిగా పెడుతూ. మా ఆయన చుట్టాల ముందు "వాకింగ్‌కు పోతాంది" అని చెప్పుకున్నాడు. పూజ ఫోనులో "మంచి పని చేసినవ్ అమ్మా" అంది. తర్వాత "నానమ్మతోని గొడవ పెట్టుకోకు" అని కూడా అంది.

ఆరు నెలలు నిండాయి, దాటాయి. ఏ అద్భుతమూ జరగలేదు. కానీ ఆగస్టు రెండో వారంలో ఒకరోజు మొగిలమ్మ నా మణికట్టు పట్టుకుని "ఇడువు" అనగానే నా చూపుడువేలు తనంతట తాను తెరుచుకుంది. తర్వాత బొటనవేలు. మిగతా మూడూ ఇంకా మొండికేసి ఉన్నాయి. మొగిలమ్మ ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర కొద్దిగా లేస్తోంది, అంతే. చాలా ఆలస్యమైంది దానికి. ఎవరికీ చెప్పకుండా లోపల లోపల నాకు సిగ్గుగా ఉంటుంది, ఆమె చెయ్యి పెట్టిన కష్టానికి నా వేళ్లు తెరుచుకున్నాయి, నా చెయ్యి పెట్టిన కష్టానికి ఆమెవి తెరుచుకోలేదు.

ఈ ఆరేడు నెలల్లో ఇంట్లో ఇంకో చెయ్యి కూడా బిగిసింది. మామది. నడక వచ్చాక కూడా రోజుకు ఒకపూట నేనే సాగదీసేదాన్ని, నేను పడ్డనాటి నుంచి ఆయన చెయ్యి పట్టినవాళ్లు లేరు. మూడేళ్ల కింద నేను విప్పిన వేళ్లు ఒక్కొక్కటే మళ్లీ ముడుచుకున్నాయి. కర్ర పట్టు జారుతోంది. బీడీ వెలిగించుకోలేక ఒకరోజు మామ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు జాలేసింది. ఏడాదిపాటు నా చేతుల్లో ఉన్న చెయ్యి అది, దాని ప్రతి నరమూ నాకు తెలుసు.

నిన్న పదకొండు దాటాక నేను బయల్దేరుతుంటే అత్తమ్మ చూస్తూ నిలబడింది. నేను గేటు గొళ్లెం కుడిచేత్తో, రెండు వేళ్లతో లాగాను. రెండుసార్లు జారింది, మూడోసారి వచ్చింది. అత్తమ్మ దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లలో మొదటిసారి నా వేళ్లు పట్టుకుని తిప్పి చూసింది.

"మంచి హస్తవాసి ఉన్నది గా మొగిలమ్మకు" అంది. గొంతు మెత్తగా ఉంది. "మీ మామ చెయ్యి సూడు ఎట్లైందో. ఆమెను జర రమ్మను పద్మా. రోజు వచ్చి మామకు జేసిపొమ్మను. లోపల్కే రమ్మను, ఫ్యాను కింద జేస్తది. పెద్దమనిషి ఎండల యాడ కూసుంటడు."

మా ఆయన వరండాలో చెప్పులు వేసుకుంటున్నాడు. "అవు పద్మా, మంచి ఆలోచన. నువ్వు చెప్తే వస్తది, నీ మాట ఇంటది" అన్నాడు. మంచం మీద మామ మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. అన్నీ వింటున్నాడు.

నల్లా దగ్గర బండ ఖాళీగా ఉంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. నా కోసం నాలుగు రోజులు తెరుచుకోని గడప మామ కోసం ఒక్క మాటతో తెరుచుకుంది. అంటే గడపకు తెరుచుకోవడం వచ్చు. ఎవరికోసమన్నదే దానికి లెక్క.

"ఈ ఇంట్ల మంచిగున్న చేతులు నాలుగున్నయి అత్తమ్మా" అన్నాను. "నీయి రెండు, నీ కొడుకుయి రెండు. పొద్దుగూకి దుకాణం నుంచి రాంగనే మామ పక్కన కూసోమను. ఎట్ల పట్టాల్నో నేను నేర్పిస్త. పావుగంటల వస్తది."

ఆయన చెప్పుల్లోంచి పైకి చూశాడు. "నాతోని అయితదా" అన్నాడు.

"అయితది. అదోరకంగ ఉంటది గంతే" అన్నాను.

అత్తమ్మ నా చెయ్యి ఇంకా వదల్లేదు. "అది గాదే, ఒక్కసారి అడుగరాదూ మొగిలమ్మను. అడిగితే రానంటదా?"

వేళ్లు మెల్లగా వెనక్కి తీసుకుని బయటికి నడిచాను. కాలువ వంతెన దగ్గరికి వచ్చేసరికి మొగిలమ్మ ఎదురొచ్చింది, ఇంకా డ్యూటీ చీర మార్చుకోలేదు, నాకు ఆలస్యమైందని చూడవచ్చిందట. ఇంట్లో ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను. ఇద్దరం ఒకరి మంచి భుజం ఒకరం పట్టుకుని వంతెన దిగాం.

అడిగితే మొగిలమ్మ వస్తుంది. కుర్చీ కడిగిన ఇంటికే, నవ్వుకుంటూ, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని మరీ వస్తుంది. అది నాకు తెలుసు.

అందుకే అడగలేదు.